22 బొమ్మలు, ఒక నోటు పుస్తకం: టారోతో మనల్ని మనం చదువుకొనే పద్ధతి

నా చిన్నతనంలో విజయనగరం గంటస్తంభం దగ్గర చిలక జోస్యం చెప్పే మనిషి ఒకడు కూర్చునేవాడు. పంజరం తలుపు తీయగానే చిలక బయటకు వచ్చి, వరుసగా పరిచిన కవర్లలో ఒకదాన్ని ముక్కుతో లాగి, రెండు వడ్లగింజలు తిని లోపలికి వెళ్ళిపోయేది. కవరులోంచి ఏ రాములవారి బొమ్మో, శనీశ్వరుడి బొమ్మో బయటపడేది. బొమ్మను ఎంచేది చిలక, అర్థం చెప్పేది జోస్యుడు. డబ్బులిచ్చి వినడం తప్ప ఆ వ్యవహారంలో మనకు వేరే పని ఉండేది కాదు. టారో అనే బొమ్మల పేక ముక్కలను ఆత్మపరిశీలనకు వాడుకోవాలనుకొనేవారు ముందుగా ఈ ఏర్పాటును తలకిందులు చేయాలి. బొమ్మను తీసేదీ, చూసేదీ, అర్థం వెతుక్కొనేదీ మనమే కావాలి. రేపేం జరుగుతుందన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు, ఎందుకంటే అట్టముక్కలకు రేపటి సంగతి తెలియదు. ఎన్నాళ్ళుగానో మనం పైకి అనకుండా దాచుకున్న మాట ఏదైనా ఉంటే దాన్ని బయటకు లాగడానికి మాత్రం మంచి బొమ్మ ఒకటి ఎదురుగా ఉంటే చాలు.

టారో గురించి చెప్పేవారిలో చాలామంది ఈజిప్టు పూజారుల రహస్యాలతో మొదలుపెడతారు. ఆ మాటలను పక్కన పెట్టవచ్చు. ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాను, ఫెరారా ప్రభువుల కొలువుల్లో పుట్టిన పేకాట. మన పేకలో 52 ముక్కలుంటే ఇందులో 78 ఉంటాయి. వాటిలో 56 మన ఆటీను, ఇస్పేటు, కళావరు, డైమనులకు దాయాదులే. రంగుకు 14 చొప్పున నాలుగు రంగులు, రాజు, రాణి, జాకీలతో పాటు గుర్రపు రౌతు ఒకడు అదనం. మిగిలిన 22 తురుపు ముక్కలు. మనం ఇక్కడ పట్టించుకోవలసినవి ఆ తురుపు ముక్కలే. పేక కట్టకు జోస్యం అంటుకున్నది 18వ శతాబ్దపు ఫ్రాన్సులో. 1781లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు గ్రంథమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని చదవడం ప్రపంచానికి తెలిసింది 1822 తరువాతనే కనుక, ఆయన ప్రకటనను తప్పని నిరూపించగలవారు ఆనాడు ఎవరూ లేకపోవడం ఆయన అదృష్టం. బొమ్మల పేక మనకు మాత్రం కొత్తా? ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే రఘురాజపురం చిత్రకారులు గుండ్రని గంజప్ప ముక్కల మీద దేవతా రూపాలను నేటికీ గీస్తున్నారు. గంజిఫా అని కూడా పిలిచే ఆ పేకలో దశావతారాల కట్టకు అవతారానికి 12 చొప్పున 120 ముక్కలుంటాయి. దేవుడి బొమ్మతో పేకాడిన దేశానికి బొమ్మల పేకతో ఆలోచించడం పరాయి విద్య అనిపించనక్కరలేదు.

ఈ 22 బొమ్మలను 'ఆదిరూపాలు' అని పిలవడం స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యూంగ్ ఆలోచనల ప్రభావం వల్ల వచ్చింది. 1875 నుంచి 1961 వరకు జీవించిన యూంగ్ టారో మీద ప్రత్యేకంగా గ్రంథమేదీ రాయలేదు, అక్కడక్కడ ప్రస్తావించి వదిలేశాడు. అయితే తల్లి, తండ్రి, వృద్ధ జ్ఞాని, జిత్తులమారి, మృత్యువు వంటి కొన్ని రూపాలు అన్ని దేశాల కథల్లోనూ కలల్లోనూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయని, వాటి అచ్చులు మనుషులందరి మనసుల అడుగునా ఉన్నాయని ఆయన వాదించాడు. ఆ వాదాన్ని శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోరు. నేనూ దాన్ని సిద్ధాంతంగా నమ్మమని చెప్పను. పని జరగడానికి ఆయన ఇచ్చిన రెండు మాటలు చాలు. నలుగురి ముందు మనం తగిలించుకొనే ముఖాన్ని ఆయన 'ముసుగు' అన్నాడు. మనది కాదని మనం తోసేసిన స్వభావ భాగాన్ని 'నీడ' అన్నాడు. బొమ్మల ముందు కూర్చుని మనం చేసే పని అంతా ఏ బొమ్మలో మన ముసుగు ఉందో, ఏ బొమ్మలో మన నీడ ఉందో కనిపెట్టడమే.

కావలసిన సరంజామా

కొత్తగా మొదలుపెట్టేవారు 1909లో లండనులో విలియం రైడర్ సంస్థ అచ్చువేసిన కట్టనే తీసుకోవాలని నా సలహా. ఏ.ఈ. వెయిట్ అనే రచయిత సూచనల ప్రకారం పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి దాన్ని గీసింది. చాలా పెద్ద పనిని చాలా తక్కువ డబ్బుకు చేశానని ఆమె అప్పట్లో ఒక ఉత్తరంలో రాసుకొంది. కట్టకు చాలాకాలం ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు నిలిచాయి గానీ గీసిన మనిషి పేరు నిలవలేదు. ఆ బొమ్మల్లో మనుషుల ముఖాలు, చేతులు, పాదాలు, వెనకనున్న కొండలు, నీళ్ళు అన్నీ స్పష్టంగా ఉంటాయి; మన పద్ధతికి ఆ వివరాలే ఆధారం. ఆన్‌లైనులో కట్ట దొరుకుతుంది. అంత ఖర్చు ఎందుకనుకొనేవారు ఆ పాత బొమ్మలను దించుకొని, కలర్ జిరాక్సు షాపులో మందపాటి కాగితం మీద 22 ముక్కలూ తీయించుకోవచ్చు. స్మిత్ 1951లో మరణించింది, మన చట్టంలో చిత్రకారుల హక్కు మరణానంతరం 60 ఏళ్ళ వరకే ఉంటుంది కనుక ఆ 1909 నాటి బొమ్మల విషయంలో ఇబ్బంది లేదు. లామినేషన్ మాత్రం చేయించవద్దు. ట్యూబులైటు వెలుగు పడి బొమ్మ కనిపించదు.

కార్డులతో పాటు వచ్చే చిన్న అర్థాల పుస్తకాన్ని కనీసం అయిదు నెలలు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇంత కఠినంగా చెప్పడానికి కారణం ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి విడిగా ఇస్తున్నానని చెప్పి కాగితాలు పంచాడు. తమ స్వభావానికి అది ఎంత బాగా సరిపోయిందో మార్కులు వేయమంటే వారు సగటున 5కు 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి ఏరినవి. "మీరు పైకి ధైర్యంగా కనిపించినా లోలోపల మధనపడతారు" వంటి మాట ఎవరికి సరిపోదు? అచ్చు పుస్తకంలోని అర్థం ముందుగా చదివితే అది మన గురించే అనిపిస్తుంది, ఆపైన మన సొంత చూపుకు దారి మూసుకుపోతుంది.

వీటికి తోడు గీతల నోటు పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి ఉంటే చాలు. కొవ్వొత్తులు, సాంబ్రాణి, పట్టుగుడ్డ అవసరం లేదు. ఇష్టముంటే పెట్టుకోండి, వాటికి కార్డులతో సంబంధం లేదు.

మొదటి రోజు: మూడు కట్టలు

22 ముక్కలనూ బొమ్మ పైకి ఉండేలా నేల మీద పరచండి. ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకొని, ఎక్కువ ఆలోచించకుండా మూడు కట్టలుగా వేయండి. నచ్చినవి ఒక కట్ట, ఏమీ అనిపించనివి రెండో కట్ట, నచ్చనివి మూడో కట్ట. ఏ కట్టలో ఏవి పడ్డాయో తేదీ వేసి పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఈ పేజీ చివర్లో మళ్ళీ కావాలి కనుక చింపవద్దు, దిద్దవద్దు.

నచ్చని కట్టలో మన నీడ ఉంటుందని చాలామంది చెబుతారు, అది చాలావరకు నిజం. నచ్చిన కట్టలో మన ముసుగు దాక్కొని ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది. నేను మొదటి రోజు నాలుగో నంబరు చక్రవర్తి కార్డును నచ్చిన కట్టలో అన్నిటికన్నా పైన పెట్టాను. రాతి సింహాసనం, తెల్లని గడ్డం, చేతిలో దండం, వెనక ఎత్తైన కొండలు చూసి ఇల్లు నడిపే మనిషి ఇలాగే ఉండాలని పుస్తకంలో రాసుకున్నాను కూడా. రెండు వారాల తరువాత ఒక ఆదివారం మా అమ్మాయి పక్కన కూర్చుని, కార్డును కిటికీ వెలుగులోకి తిప్పి, "నాన్నా, పాదాలు చూడండి" అంది. ఎర్రని అంగీ కింద నుంచి ఆయన కాళ్ళకు ఇనుప తొడుగులు కనిపిస్తున్నాయి. "సింహాసనం మీద కూర్చునే ఉన్నాడు కదా, ఎవరితో యుద్ధమని ఇనుప జోళ్ళు విప్పలేదు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకనున్న కొండల మీద చిన్న మొక్క కూడా లేదని అప్పుడు గమనించాను. పదిహేను రోజులుగా చూస్తున్న బొమ్మే అది.

వారానికి ఒక కార్డు

ఆ తరువాత పద్ధతి సులభం, నెమ్మదిగా సాగుతుంది. సున్నా నంబరు వెర్రిబాగులవాడి నుంచి 21వ నంబరు ప్రపంచం వరకు వరుసలోనే వెళ్ళండి, వారానికి ఒక్క కార్డే తీయండి. రోజుకో కార్డు తీసేవారికి నెల తిరగకుండానే అన్ని బొమ్మలూ పాతబడిపోతాయి, మనసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాత ఫ్రెంచి కట్ట వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అందులో 8 న్యాయం, 11 బలం, 1909 కట్టలో వెయిట్ ఆ రెండింటినీ తారుమారు చేశాడు.

వారంలో మొదటి రోజు బొమ్మను చూస్తూ కేవలం కనబడే వస్తువులనే రాయండి. 'భయం', 'ఆశ', 'శుభం' వంటి మాటలకు ఆ రోజు అనుమతి లేదు. గుర్రం, జెండా, నది, తాడు, కుక్క వంటివే రాయాలి. రెండో రోజు ఆ బొమ్మలో ఏం జరుగుతోందో, ఒక క్షణం ముందు ఏం జరిగి ఉంటుందో కథలాగా రాయండి. మూడో రోజు, ఈ బొమ్మలో నేను ఎక్కడున్నాను అన్న ప్రశ్నకు పదిహేను నిమిషాలపాటు పెన్ను ఆపకుండా జవాబు రాయండి. ఈ పదిహేను నిమిషాల లెక్క నేను ఊహించింది కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను కుదిపేసిన అనుభవాల గురించి రాయించాడు. జరిగిన సంగతినీ దాని వెనకనున్న బాధనూ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు. తరువాతి నెలల్లో మాత్రం వారు వైద్యుడి దగ్గరకు వెళ్ళడం మిగిలినవారికన్నా తగ్గింది. కనుక మూడో రోజు రాత్రి మనసు బరువెక్కితే పద్ధతి చెడిందని కంగారుపడవద్దు, మరునాడు విరామం తీసుకోండి.

వస్తువులు మాత్రమే రాయమనడం చాదస్తంగా తోస్తే ఒక ఉదాహరణ చెబుతాను. 13వ కార్డు మృత్యువు. నల్లని కవచం తొడిగిన అస్థిపంజరం తెల్ల గుర్రం మీద వస్తుంది. సాయంత్రం దీపాలవేళ శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పిన్ని అది బల్ల మీద చూసి, "ఏటి నాయనా ఇది, ఇల్లాంటివి ఇంట్లో ఎట్టుకుంటారా?" అని మండిపడింది. నేను వాదించకుండా, అర్థం అక్కరలేదు, ఏమేం ఉన్నాయో చెప్పు చాలునన్నాను. కళ్ళజోడు సర్దుకొని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది: రాజు కింద పడిపోయాడు, కిరీటం పక్కనే ఉంది, మతగురువు చేతులు జోడించాడు, ఆడపిల్ల ముఖం తిప్పుకొంది, చంటిపిల్ల మాత్రం పూలు పట్టుకొని గుర్రం వైపే చూస్తోంది, దూరంగా రెండు బురుజుల నడుమ సూర్యుడున్నాడు. అక్కడ ఆగి, "పిల్లకి బయం నేదే" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, బాబాయి పోయినప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా తాళం తీయని బీరువా సంగతి తనంతట తానే ఎత్తింది. ఆ కార్డుకు 'మార్పు' అని అచ్చు పుస్తకంలో ఉన్న అర్థాన్ని నేను ముందే చెప్పి ఉంటే పిన్ని తల ఊపి కాఫీ అడిగి ఉండేది.

వారం చివర చేయవలసింది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఎదుగుదల అంటే అదే. రాసినదంతా చదువుకొని, అందులోంచి ఒక్క పని తీయండి. ఆ పని ఒక రోజులో అయిపోయేది, చేశామో లేదో ఇంకొకరు చూసి చెప్పగలిగేది కావాలి. 'ఓర్పు పెంచుకోవాలి' అన్నది పని కాదు. 'శనివారం తమ్ముడికి ఫోను చేసి పొలం గట్టు సంగతి ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడాలి' అన్నది పని. ఇది లేకపోతే ఈ వ్యవహారమంతా మన గురించి మనం రాసుకొని మురిసిపోయే కాలక్షేపంగా మిగులుతుంది, అటువంటి పుస్తకాలు నింపినవారిని నేను చూశాను.

ప్రశ్న అడిగే తీరు కూడా ఇక్కడే చెప్పాలి. మా అబ్బాయికి డీఎస్సీలో ఉద్యోగం వస్తుందా అన్న ప్రశ్నకు ఏ కార్డూ జవాబివ్వదు. ఫలితాలు వచ్చేలోగా నేను వాడితో ఎలా మాట్లాడుతున్నాను అన్న ప్రశ్నకు దాదాపు ఏ కార్డయినా జవాబిస్తుంది. 'అవుతుందా' అని ముగిసే ప్రశ్నను 'నేనేం చేస్తున్నాను' అని ముగిసేలా తిరగరాయడం వస్తే సగం విద్య వచ్చినట్టే.

బొమ్మలకు మన ఊరి ముఖాలు

ఈ బొమ్మలు ఐరోపావి. అందులోని మతగురువులు, మనిషి తల ఉన్న సింహాలు, దేవదూతలు మన ఇళ్ళల్లో పెరిగినవారికి వెంటనే మాట్లాడవు. అందువల్ల ప్రతి కార్డుకూ మనం కళ్ళారా చూసిన ఒక దృశ్యాన్ని జతచేయాలి. చరిత్రలో ఆ రెండింటికీ సంబంధం ఉందని దీని అర్థం కాదు, పోలిక మన చూపులోనిది. మచ్చుకు నా పుస్తకంలోని కొన్నింటిని చెబుతాను. మీవి వేరుగా ఉండాలి.

12వ కార్డు వేలాడే మనిషి. చిగురు వేసిన కొయ్యకు ఒక కాలితో తలకిందులుగా వేలాడుతూ ఉంటాడు, ముఖంలో మాత్రం బాధ లేదు, తల చుట్టూ వెలుగు ఉంటుంది. పాత ఇటలీలో రాజద్రోహుల బొమ్మలను ఇలా తలకిందులుగా గీసి గోడల మీద బహిరంగంగా అవమానించేవారు, ఆ కార్డుకు అక్కడ 'ద్రోహి' అన్న పేరు కూడా ఉండేది. శిక్షకు గురైన మనిషి ముఖంలోకి ఈ నిమ్మళం ఎలా వచ్చిందన్నది అందులోని చిక్కు. ఏటా విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని చూసినవారికి ఈ చిక్కు సులభంగా విడుతుంది. పొడవాటి మాను కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు, ఆ మాను గాలిలోకి లేస్తుంది, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు ఊరేగుతుంది. కింద లక్షలమంది జనం కేకలు. పైన ఉన్న మనిషి దాన్ని నడపలేడు, ఆపలేడు, మధ్యలో దిగలేడు. ఆయన చేయగలిగింది కూర్చోవడమే, ఆ కూర్చోవడం కోసమే ఊరంతా ఏడాది ఎదురుచూస్తుంది. ఈ కార్డు వారంలో నేను వేసుకున్న ప్రశ్న ఇది: నా చేతిలో లేని ఏ బండిని నేను ఇంకా నడపాలని చూస్తున్నాను? ఉద్యోగంలో చివరి రెండేళ్ళు నా పై అధికారి నన్ను పక్కన పెట్టి ఫైళ్ళన్నీ వేరొకరికి పంపించాడు. ఆ రెండేళ్ళూ నేను పళ్ళు కొరుకుతూ గడిపాను. మాను మీద కూర్చున్న మనిషిని తలచుకొని రాసినప్పుడు, ఆ ఖాళీ సాయంత్రాల్లో వేరే ఏమేం చేసి ఉండవచ్చునో రెండు పేజీల జాబితా వచ్చింది. వాటిలో వయొలిన్ మళ్ళీ పట్టుకోవడం ఒకటి. సంగీత కళాశాల వీధిలో పెరిగి వయొలిన్ అటకెక్కించడం నాకే చెల్లింది.

16వ కార్డు బురుజు. పిడుగు పడి బురుజు మీది కిరీటం ఎగిరిపోతుంది, ఇద్దరు మనుషులు తలకిందులుగా పడుతూ ఉంటారు. ఉద్దానం వారికి దీన్ని వివరించనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు, తాతల నాటి కొబ్బరి తోటలు, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, ముసలితనం అన్నీ ఆ చెట్ల మీదే లెక్కవేసుకున్న కుటుంబాలవి. ఆ తరువాతి కార్డు 17, నక్షత్రం: ఒక స్త్రీ మోకాలి మీద కూర్చుని ఒక కూజాతో చెరువులోకి, ఇంకో కూజాతో నేల మీదకి నీళ్ళు పోస్తూ ఉంటుంది. ఈ రెండు కార్డులనూ విడదీసి చూడవద్దని నా మనవి. మొదటిదాంట్లో పిడుగు కన్నా కిరీటం ముఖ్యం. నా బురుజు మీద నేను పెట్టుకున్న కిరీటం ఏదో రాయాలి. రెండోదాంట్లో నక్షత్రం కన్నా కూజా ముఖ్యం. కూలిన తోటలో మళ్ళీ కొబ్బరి మొక్క నాటిన రైతు, అది కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలిసే ఆ మొదటి కడవ నీళ్ళు పోశాడు. ఆశ అనేదాన్ని మనసులో కలిగే భావంగా రాయడం మానేసి చేతులతో చేసే పనిగా రాయడం నాకు ఈ కార్డు నేర్పింది.

19వ కార్డు సూర్యుడు అనగానే అరసవల్లి గుర్తుకు రావడం సహజం. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు కిరణాలు గుడిలోకి నేరుగా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం చీకటితోనే వచ్చి నిలబడినవారు మబ్బు పట్టిందని వెనుదిరిగిన రోజులూ ఉన్నాయి. కార్డులోని పసివాడు కళ్ళెం లేకుండా తెల్ల గుర్రమెక్కి నవ్వుతున్నాడు. మబ్బు పట్టిన రోజున నేను ఎలా ఉన్నానో రాయడం ఈ కార్డుకు సరైన పని అని నాకు తోస్తుంది.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. 9వ నంబరు ఏకాంతవాసి లాంతరు నాలుగు అడుగుల మేరకే వెలుగిస్తుంది. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు డిప్పలోకి ముడుచుకోవడం చూసినవారు, ముడుచుకోవడం పారిపోవడం ఒకటేనా అన్న ప్రశ్నను దీనికి జతచేయవచ్చు. ఒకటో నంబరు గారడీవాడి బల్ల మీద అన్ని పనిముట్లూ సిద్ధంగా ఉంటాయి, నోటికి అడ్డు ఉండదు. విజయనగరం వారికి గిరీశాన్ని పరిచయం చేయనక్కరలేదు కదా! 15వ నంబరు సైతాను కార్డులో స్త్రీ పురుషుల మెడలకు వేసిన గొలుసులు తల మీదుగా తీసేయగలిగినంత వదులుగా ఉంటాయి, రాత్రి పదకొండు దాటాక చేతిలోని ఫోనును ఒకసారి చూసుకోండి. సున్నా నంబరు వెర్రిబాగులవాడు కర్రకు మూట కట్టుకొని కొండ అంచున ఆకాశం చూస్తూ నడుస్తాడు. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషను ప్లాట్‌ఫారం మీద వలస వెళ్ళేవారి మూటలు చూసినప్పుడల్లా ఆ బొమ్మ గుర్తొస్తుంది నాకు. వీరిలో ఆకాశం చూస్తూ నడిచేవారు తక్కువ. మూట అదే, చూపు వేరు.

కొన్ని జాగ్రత్తలు

ఇంకొకరి కోసం కార్డు తీసి అర్థం చెప్పవద్దు, బతిమాలినా చెప్పవద్దు. పక్కన కూర్చుని ఏం కనబడుతోందని అడగడం వరకే మన హద్దు. సంబంధాలు కుదర్చడానికి, జబ్బు ఏమిటో తేల్చడానికి, పొలం అమ్మాలా వద్దా అని నిర్ణయించడానికి వీటిని వాడవద్దు. కార్డు తిరగబడి వస్తే దోషమని, దానికి పరిహారానికి ఇంత అవుతుందని చెప్పేవారు ఆన్‌లైనులో చాలామంది ఉన్నారు, అక్కడితో ఫోను పెట్టేయండి. తిరగబడిన కార్డును సరిచేసి పెట్టుకోవడమే దానికి పరిహారం.

రాస్తున్న కొద్దీ నిద్ర పట్టకపోవడం, బతకాలని లేకపోవడం వంటివి కాగితం మీదకు వస్తే పుస్తకం మూసి మనోవైద్యుడిని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

22 వారాల తరువాత

అయిదు నెలలు దాటాక, పుస్తకం మొదటి పేజీ చూడకుండా మళ్ళీ ముక్కలన్నీ పరచి మూడు కట్టలు వేయండి. తరువాత పాత జాబితాతో పోల్చండి. కట్ట మారిన ప్రతి కార్డు దగ్గరా ఆగి, అది ఏ వారంలో మారిందో, ఆ వారం మీరు చేసిన పని ఏమిటో వెతకండి. ఒక్కటీ మారకపోతే చేసిన పనుల జాబితా చూడండి. చాలావరకు అది ఖాళీగా ఉంటుంది. మిగిలిన 56 ముక్కలను తీయాలనిపిస్తే అప్పుడు తీయవచ్చు, అచ్చు పుస్తకాన్ని కూడా అప్పుడే చదవవచ్చు. మీరు రాసుకున్నదానికీ అందులో ఉన్నదానికీ తేడా వచ్చిన చోట మీ రాతనే ఉంచుకోండి.

నా రెండో పంపకంలో ఆరు కార్డులు కట్టలు మారాయి. మృత్యువు రెండో కట్టలోకి వచ్చింది. వేలాడే మనిషి నచ్చిన కట్టలోకి చేరాడు. చక్రవర్తిని నేను మూడో కట్టలోకి, నచ్చనివాటిలోకి విసిరాను. పండక్కి వచ్చిన మా అమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది. ఏమీ అనకుండా ఆ కార్డును అక్కడి నుంచి తీసి మధ్య కట్టలో పెట్టింది.